పోచవ్వ చెప్పిన కొలతలు

ఆయుర్వేదం చదివి కొత్తగా కొలువులో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ రోగానికి ఏ మందు అని అడగరు, అది పుస్తకాల్లో ఉంది. మీ రోజుల్లో ఎట్లా ఉండేది అని అడుగుతారు. నేను గోదావరి వరదల గురించి, పథ్యం తప్పి దొరికిపోయిన రోగుల గురించి నాలుగు నవ్వు మాటలు చెబుతాను. చాయ్ తాగి సంతోషంగా పోతారు. అసలు చెప్పాల్సింది ఈసారీ చెప్పలేదే అని వాళ్లు పోయాక నాకు బాధ కలుగుతుంది. నోటితో చెప్పడం నావల్ల కావడం లేదు కాబట్టి రాస్తున్నాను.

బదిలీలు, తనిఖీలు, పై వాళ్ల మెప్పులు ఇందులో లేవు. వాటి వల్ల నేను నేర్చుకున్నది కూడా ఏమీ లేదు. కోత వద్దని మా వైద్యశాలకు వచ్చి, నాలుగు నెలలు నా కళ్ల ముందే ఉండి, నేను చూడని ఒక మనిషి గురించి రాస్తున్నాను. ఆమె దాకా రావాలంటే ముందు మా పెద్దయ్యను, ఖాసిం సాబును, పోచవ్వను పరిచయం చేయాలి.

పెద్దయ్య

మంథనిలో మా వైద్యశాల గోదావరికి పోయే బాటలో ఉండేది. అంతకుముందు యాత్రికులు దిగే సత్రం అది. పోలీసు చర్య అయిన రెండేళ్లకు నేను పట్నంలో చదువు ముగించుకుని వచ్చి అక్కడ చేరాను. మొత్తం పన్నెండు మంచాలు. ఎనిమిది మగవాళ్లకు, నాలుగు ఆడవాళ్లకు. పెరట్లో మూడు పెద్ద పొయ్యిల మీద పొద్దున్నే కషాయాలు ఎక్కేవి. ఆ వాసనకు దారిన పోయేవాళ్లు కూడా ముక్కు మూసుకునేవాళ్లు.

మేం పెద్దయ్య అని పిలిచే ప్రధాన వైద్యులకు అప్పటికి అరవై దాటాయి. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది కళాశాలలో నేర్చుకున్నదానికి రెండింతలు ఉంటుంది. లేహ్యం పాకం ఎప్పుడు దించాలో, ముసలివాళ్లకు విరేచనం మందు ఎంత తగ్గించాలో, ఆకలి లేదన్న రోగి ఇంట్లో ఎవరితో తగువు పడ్డాడో కనుక్కోవడం, అన్నీ ఆయనవే. ఇప్పుడు చెప్పబోయేది కూడా ఆయనదే.

నేను చేరిన కొత్తలో రామగిరి వైపు నుంచి ఒక రైతు కాళ్లు మొద్దుబారుతున్నాయని వచ్చాడు. నాడి చూశాను, నాలుక చూశాను. "ఇదేమిటో నాకు తెలియడం లేదు, పెద్దయ్య వచ్చాక చూద్దాం" అన్నాను. ఆ సాయంత్రం పెద్దయ్య నన్ను మందుల గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

"ఏమిరా నాయనా, రోగి ముందట తెల్వదు అంటవా?" అన్నాడు. "గా మాట ఇన్నంక వాడు నీ మందు ఏ నమ్మకంతోని మింగుతడు? తెల్వకపోతె నాడి ఇంకో గడియ పట్టుకొని కూసో. కండ్లు మూసుకో. గా మాట మాత్రం నీ నోట్లకెల్లి రావద్దు."

నాకు ఆ మాట బాగా నచ్చింది. పాతికేళ్ల వాడికి గడ్డం మొలిచినంత గొప్పగా అనిపించింది. ఆ తర్వాత చాలా ఏళ్లు నేను ఏ రోగి ముందూ తెలియదు అనలేదు.

ఖాసిం సాబ్ కూర్చున్న రోజు

ఖాసిం సాబ్‌ది హుజూరాబాద్, ధాన్యం వ్యాపారం. ఆయనకు భగందరం. ఆసనం పక్కన పుండు లేచి, లోపలికి సొరంగంలా పోయి, మానినట్టే మాని మళ్లీ చీము కారే రోగం అది. రెండుసార్లు కోయించుకున్నాడు, రెండుసార్లూ తిరగబెట్టింది. మూడోసారి కత్తి కిందికి పోవడం కన్నా చావడం మేలని మా దగ్గరికి వచ్చాడు.

పెద్దయ్య మందు పూసిన దారాన్ని ఆ సొరంగంలోంచి తీసి ముడివేశాడు. వారానికొక దారం మార్చేవాళ్లం. దారం కోసుకుంటూ పోతుంటే వెనకాల పుండు మానుకుంటూ వస్తుంది. రెండున్నర నెలలు ఆయన మా దగ్గరే ఉన్నాడు. నిలబడే తినేవాడు, బోర్లా పడుకునేవాడు, పెసరకట్టును నోరారా తిట్టేవాడు. పక్క మంచం ముసలాయనకు పథ్యం మీద ఎంత కోపం తెప్పించాడంటే ఆయన ఒక రోజు అలిగి ఇంటికి పోయాడు.

ఆఖరి దారం ఊడిన వారానికి ఖాసిం సాబ్ వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. అటు జరిగాడు, ఇటు జరిగాడు, కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు.

"పంతులూ, రెండేండ్ల సంది నిలబడే తింటున్న, నిలబడే బేరం జేస్తున్న" అన్నాడు. "కూసునుడు ఎంత ఆరామో నీకేం ఎరుక."

ఆయన ఊరూరా బియ్యం అమ్మేవాడు, ఊరూరా మా గురించి చెప్పేవాడు. కత్తి లేని దవాఖాన అని మాకు పేరు పడింది. పెద్దయ్యకు ఆ పేరంటే మహా ఇష్టం. నాకూ ఇష్టమే. ఖాసిం సాబ్ రోగం ఒక రకం, అన్ని రోగాలూ దారానికి లొంగవు. అది మాకు తెలియక కాదు, పేరు తీపిగా ఉండింది.

నాలుగైదేళ్లకు పెద్దయ్యకే మూత్రం బందయింది. ఉలవకట్టు, పల్లేరుకాయల కషాయం, తెలిసినవన్నీ ఇచ్చాం. మూడో రోజు ఆయన కొడుకు వచ్చి పట్నం తీసుకుపోయాడు. అక్కడ కోసి రాయి తీశారు. నెలన్నరకు పెద్దయ్య లేచి తిరిగాడు, ఆ తర్వాత చాలా కాలం బతికాడు కూడా. కానీ వైద్యశాలకు మళ్లీ రాలేదు. నాకొక ఉత్తరం రాశాడు. మోకాళ్ల నొప్పులకు విశ్రాంతి తీసుకుంటున్నానని చెప్పు, ఇంకో మాట బయటికి పొక్కితే వైద్యశాల పరువు పోతుంది అని. ఆ ఉత్తరం నా పెట్టెలో అడుగున దాచాను. అప్పటి నుంచి వైద్యశాల బాధ్యత నాది.

ఆడవాళ్ల వార్డు

ఆ రోజుల్లో ఆడవాళ్ల వార్డులోకి వైద్యుడు తల వంచుకుని పోయేవాడు. గోషా ఉన్న ఇళ్ల వాళ్లకే కాదు, నాట్లు వేసే ఇళ్ల వాళ్లకూ అదే మర్యాద. మణికట్టు చూపిస్తారు, నాలుక చూపిస్తారు. ఆడవాళ్లకు ఎడమ చేతి నాడి చూడాలని శాస్త్రం. మిగతా ఒళ్లంతా మేం పోచవ్వ కళ్లతో చూసేవాళ్లం.

పోచవ్వ మా దగ్గర ఆయా. నలభై ఏళ్లకే భర్త పోయాడు, పిల్లలు లేరు. తల్లి మంత్రసాని కాబట్టి చేతివేళ్లకు ఆ విద్య పుట్టుకతోనే వచ్చింది. గడ్డ అయినా, వాపు అయినా, పుండు అయినా తడిమి చూసి గింజలతో, కాయలతో కొలత చెప్పేది. కందిగింజంత, శనగగింజంత, రేగుపండంత, ఉసిరికాయంత, నిమ్మకాయంత. నేను గుమ్మంలో నిలబడి "ఎంతుంది పోచవ్వా?" అని అడిగేవాణ్ణి. ఆమె చెప్పేది. నేను పుస్తకంలో రాసుకునేవాణ్ణి.

మంచం మీది మనిషి మధ్యలో నోరు తెరిస్తే "నువ్వు ఊకో బిడ్డా, నేను జెప్తున్న గదా" అనేది పోచవ్వ. అది విసుగుతో అన్న మాట కాదు. ఆడపిల్ల తన ఒంటి సంగతి మగవాడి ముందు తాను చెప్పుకోవాల్సిన అగత్యం లేకుండా కాపాడుతున్నానని ఆమె అనుకునేది. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి.

కనకవ్వ

రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయిన రెండు మూడేళ్లకు, దసరా పోయాక, బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసే ఓదెలు భార్యను తీసుకుని వచ్చాడు. కంటి అంచుల్లో కాటుకలాగా బొగ్గు నిలిచిపోయిన మనిషి. భార్య కనకవ్వకు ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి. చంకలో రెండేళ్ల ఆడపిల్ల సారక్క. ఎడమ రొమ్ములో గడ్డ.

"అయ్యా, కంపెనీ దవాఖానల డాక్టరు కోసి తీసెయ్యాలె అన్నడు" అన్నాడు ఓదెలు. "నెల లోపట్నే గావాలె అన్నడు. గీమె ఒప్పుకుంటలేదు. మేముండే కంపెనీ లైన్ల ఇండ్లల్ల ఒకామెను కడుపు కోసిండ్రు, మళ్ల ఇంటికి రాలే. గది సూసినకాన్నుంచి గీమెకు బుగులు. ఖాసిం సాబు మీ పేరు జెప్పిండు."

కనకవ్వ కొంగు కప్పుకుని గోడవైపు తిరిగి నిలబడింది. పోచవ్వ ఆమెను లోపలికి తీసుకుపోయి చూసి వచ్చింది.

"ఉసిరికాయంత ఉన్నదయ్యా."

"కదులుతుందా?"

పోచవ్వ ఒకసారి వెనక్కి, వార్డు వైపు చూసింది. "కదులుతదయ్యా" అంది.

ఈ ప్రశ్న ఎందుకు అడిగానో చదువుకున్న మీకు తెలుసు. చదవని వాళ్ల కోసం చెబుతున్నాను. మన గ్రంథాల్లో గడ్డలకు రెండు పేర్లున్నాయి. వేలితో నెడితే కదిలేది గ్రంథి, మందుకు లొంగుతుంది. లోపల వేళ్లు దిగి, కదలకుండా కూర్చునేది అర్బుదం. దానికి మన పెద్దలు కూడా కత్తే చెప్పారు. మన శాస్త్రం కత్తిని ఎన్నడూ తిట్టలేదు, తిట్టింది మేమే. నేను అడగాల్సిన ప్రశ్న అడిగాను. జవాబు రాగానే నా పని అయిపోయిందనుకున్నాను.

ఒక మండలం, అంటే నలభై రోజులు ఇక్కడ ఉండాలని ఓదెలుతో చెప్పాను. తగ్గితే కోత అవసరం లేదు, తగ్గకపోతే నేనే దగ్గరుండి కోయించడానికి పంపిస్తాను. అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం పోచవ్వ నా గదికి వచ్చింది.

"అయ్యా, గా పిల్ల ఒక మాట అడుగుమన్నది. కత్తితోని కోపిచ్చుకొని బతికినోళ్లను మీరెవరినన్న కండ్లార సూసిండ్రా అని."

పెద్దయ్య గుర్తొచ్చాడు. పెట్టె నా కాళ్ల దగ్గరే ఉంది. నేను నిజం చెబితే వైద్యశాల పరువు పోతుందనుకున్నాను, చెప్పకపోతే ఏం పోతుందో ఆలోచించలేదు.

"మన దగ్గరికి వచ్చినవాళ్లకు ఆ అవసరం పడలేదని చెప్పు" అన్నాను.

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అని లోకం నవ్వుతూ అంటుంది. నాకు ఆ సామెత చెవిన పడితే ఇప్పటికీ తల వంగిపోతుంది.

మూడు మండలాలు

దేవకాంచనం చెక్క కషాయం, గుగ్గులు గోలీలు, పైన లేపం. పాత బియ్యం, పెసరకట్టు, చింతపండు బందు. లేపం పోచవ్వ వేసేది. ఏడు రోజులకోసారి కొలత.

మొదటి వారం ఉసిరికాయంతే ఉందంది. రెండో వారం జర మెత్తబడ్డదంది. మండలం అయ్యేసరికి రేగుపండంత అయిందంది. ఆ రోజు నాకు అన్నం రుచించింది. ఖాసిం సాబ్ భగందరం పెద్దయ్య గెలుపు, ఇది నాది అనుకున్నాను.

ఓదెలు సెలవు దొరికినప్పుడల్లా రైల్లో పెద్దపల్లి దాకా, అక్కణ్ణుంచి బస్సులో మంథని దాకా వచ్చేవాడు. సారక్కను భుజాల మీద ఎక్కించుకుని పెరట్లో పొయ్యిల చుట్టూ తిప్పేవాడు. మొదటి మండలం నిండిన రోజు నన్ను పక్కకు పిలిచాడు.

"కంపెనీ డాక్టరు మళ్ల అడిగిండయ్యా. తోలుకపోనా?"

"తగ్గుతుంటే ఎందుకయ్యా? ఉసిరికాయ రేగుపండయింది. ఇంకో మండలం ఉండనీ."

అతను నవ్వాడు. ఉసిరికాయ రేగుపండైన సంగతి బాయిలో తన జట్టు వాళ్లందరికీ చెప్పాడట. రెండో మండలం చివర శనగగింజంత అయింది. పూర్తిగా పోయేదాకా ఉంచుదామని మూడో మండలం నేనే పెట్టాను.

ఇక్కడ నేను ఆగి ఒక సంగతి ఒప్పుకోవాలి. నాకు ఏమీ కనపడలేదని కాదు. మూడో మండలంలో ఒక పొద్దున నాడి కోసం చేయి చాపమని పోచవ్వతో చెప్పిస్తే కనకవ్వ కుడి చేయి ఇచ్చింది. ఎడమ చేయి గుంజుతుందట, బొంత కుట్టిందట అని పోచవ్వ చెప్పింది. సరే అని కుడి చేతి నాడే పట్టుకున్నాను. సన్నగా, వేగంగా కొట్టుకుంటోంది. ఆ తర్వాత రోజూ కుడి చేయే ఇచ్చింది. కుడి చేతికి ఆకుపచ్చ గాజులు ఉన్నాయి. కొంగు చాటున ఎడమ చేతికి మొదట రెండే కనపడ్డాయి, తర్వాత ఒకటీ లేదు. భర్త ఉన్న ఇల్లాలి చేయి అట్లా బోసిగా ఉండకూడదు. పరాయి ఇంటి ఆడదాని గాజుల గురించి అడగడం మర్యాద కాదనుకున్నాను. మనిషి చిక్కిపోయింది కూడా. పథ్యం వల్ల అనుకున్నాను.

వైద్యుడు అనుకున్నవి ఇట్లా ఒక్కొక్కటే పేర్చి చూస్తే సిగ్గేస్తుంది. ఒక్కటి అడిగి ఉంటే మిగతావి అనుకోవాల్సిన పని ఉండేది కాదు.

కొత్త గాజులు

మూడో మండలం నిండింది. శివరాత్రి దగ్గర పడుతున్న రోజులు. ఓదెలు భార్యను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చాడు. వైద్యశాల వాళ్లందరికీ పేలాలు, బెల్లం తెచ్చాడు. కనకవ్వకు డజను ఆకుపచ్చ గాజులు తెచ్చాడు. మంచాల మీది రోగులు కూడా లేచి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. అక్కడ ఇంటికి పోయే మనిషిని సాగనంపడం ఒక పండుగ.

ఓదెలు మొగమాటం లేని మనిషి. అందరి ముందే ఆమె ఎడమ చేయి పట్టుకుని గాజు తొడగబోయాడు. వేళ్ల దగ్గరే ఆగిపోయింది.

"కొలత తప్పు తెచ్చిన్నా ఏంది? ఎప్పటి కొలతనే గదా" అన్నాడు నవ్వుతూ. ఇంకోటి తీశాడు. అదీ ఎక్కలేదు. నెట్టబోయేసరికి కనకవ్వ కళ్లు మూసుకుంది. కొంగు జారింది. మోచేతి నుంచి వేళ్ల దాకా ఆ చేయి ఉబ్బి నిగనిగలాడుతోంది. ఓదెలు గాజు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

నేను వార్డులోకి పోయి ఆమెను పిలిపించాను. "అమ్మా, నేను చూడాలి" అన్నాను. నాలుగు నెలల్లో ఆమెతో నేరుగా నేను మాట్లాడిన మొదటి మాట అది.

ఆమె చూపించింది. గడ్డ నా పిడికిట్లో పట్టదు. చర్మం లోపలికి ముడుచుకుపోయింది. వేలితో నెడితే రాయిలాగా కదలలేదు. చంకలో ఇంకోటి ఉంది. చేయి వెనక్కి తీసుకున్నాను.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరెన్నడన్న నన్నడిగిండ్రా అయ్యా?" అంది కనకవ్వ. గొంతులో నిష్ఠూరం లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "పోచవ్వనే అడుగుతుంటిరి."

పోచవ్వ పెరట్లో చల్లారిన పొయ్యి ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"మొదటి నాడే కదలలేదయ్యా" అంది. "పిల్ల నా కాళ్లు పట్టుకున్నది. కోస్తరు, నేను సచ్చిపోత, సారక్క పాలు మరువలే, ఒక్క మండలం ఆగు పోచవ్వా అన్నది. మీ మందు మీద నాకు నమ్మకం. ఇయ్యాల కాకుంటె రేపన్న తగ్గుతది, గప్పుడు అబద్ధం నిజమైతది అనుకున్న. గా పసిపిల్ల ఎడమ దిక్కు నోరు పెడుతలేకుండె అయ్యా. గది సూసి కూడ నోరు మూసుకున్న."

"చిన్నగయిందని ఎందుకు చెప్పావు? అట్లాగే ఉందని చెబితే పోయేది కదా."

ఆమె పుల్లతో పొయ్యిలో బూడిద కెలికింది.

"చిన్నగైంది అంటె మీ మొకం ఎలుగుతుండె అయ్యా" అంది. "పెద్దగైంది అని ఎట్ల జెప్పుదు?"

పెద్ద దవాఖాన

మర్నాడే నేను, ఓదెలు కలిసి ఆమెను వరంగల్ తీసుకుపోయాం. సారక్క పోచవ్వ దగ్గర ఉండిపోయింది. బస్సులో కనకవ్వ నా ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. ఎడమ చేతిని కుడి చేత్తో ఎత్తి పట్టుకుంది, పసిపిల్లను పట్టుకున్నట్టు. పెద్దయ్య సంగతి చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను. మా పెద్ద వైద్యుడే కోయించుకుని బతికాడమ్మా, నువ్వు అడిగిన రోజు నేను దాచాను అని. ఇప్పుడు చెప్పి ఏం ప్రయోజనం అని ఊరుకున్నాను. ప్రయోజనం కోసం కాదు, సిగ్గుతో ఊరుకున్నాను. ఆ మాట ఆమెకు ఎప్పటికీ చెప్పలేదు.

అక్కడి శస్త్రవైద్యుడు నెమ్మదస్తుడు. చూసి, నన్ను వరండాలోకి పిలిచి, ఇప్పుడు కోసి ఆమెను బాధపెట్టడమే తప్ప లాభం లేదన్నాడు.

"నాలుగు నెలల కింద వస్తే?" అని అడిగాను.

"అప్పుడు చూసి ఉంటే చెప్పేవాణ్ణి" అన్నాడు. "చూడనిదాని గురించి ఏం చెప్పను?"

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. బతికేది అని ఉంటే ఆ పాపాన్ని మోసేవాణ్ణి, బతికేది కాదు అని ఉంటే దించుకునేవాణ్ణి. రెండూ కాకుండా పోయింది. రాత్రి పడుకున్నా, పొద్దున లేచినా ఆ లెక్క నాకు ఈనాటికీ తేలలేదు.

కనకవ్వ ఎండలు ముదరకముందే బెల్లంపల్లిలో వాళ్ల ఇంట్లోనే పోయింది. కబురు ఖాసిం సాబ్ తెచ్చాడు. ఆ రోజు కూడా ఆయన మా అరుగు మీదే కూర్చున్నాడు, కానీ ఎక్కువసేపు కూర్చోలేకపోయాడు.

మీకు చెప్పదలచింది

పోచవ్వను పనిలోంచి తీసేయమని ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు నాతో అన్నారు. తీసేయాల్సి వస్తే ముందు నన్నే తీసేయాలి. ఆమె అబద్ధం చెప్పింది, నిజమే. అబద్ధాలు చెప్పించుకునే ముఖం నాది. ఆ తర్వాత ఆమె ఇంకో పదేళ్లు మా దగ్గర పనిచేసింది. కొలత మాత్రం మళ్లీ చెప్పలేదు. అడిగితే "నన్నెందుకయ్యా, ఆమెనే అడుగుండ్రి" అని మంచం పక్కనుంచి లేచి నిలబడేది. నేను అడిగేవాణ్ణి. సిగ్గుపడేవాళ్లు పడ్డారు, కోప్పడి లేచి వెళ్లిపోయిన ఇంటివాళ్లూ ఉన్నారు. అయినా అడిగాను. చూడాల్సి వస్తే పోచవ్వను పక్కన ఉంచుకుని, ఆ మనిషి ఒప్పుకున్నాక, నా చేత్తో నేనే చూశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది. కానీ ఆ ఆకులైనా మీకు అందించాలి కదా.

మన వైద్యం గొప్పది కాదని నేను అనను. ఖాసిం సాబ్ చివరిదాకా సుఖంగా కూర్చుని బతికాడు. కోత లేకుండా నయమయ్యేవి చాలా ఉన్నాయి, నేను చేసినవీ ఉన్నాయి. కోయించుకోలేక భయపడి మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఎప్పుడూ వస్తారు. వాళ్ల భయం మీకు పేరు తెస్తుంది. ఆ పేరు వచ్చినప్పుడు జాగ్రత్తగా ఉండండి. మీ మనుషులు మీకు ఏం చెబుతున్నారో ఒకటికి రెండుసార్లు చూసుకోండి, ముఖ్యంగా అది మీకు ఇష్టమైన మాట అయినప్పుడు.

ఇక ఒక్కటే మిగిలింది.

తొలకరి పడ్డాక ఓదెలు వైద్యశాలకు వచ్చాడు. భుజం మీద సారక్క ఉంది. నన్ను కొడతాడేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది. సంచిలోంచి రేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. మూడో మండలం గుగ్గులు గోలీలు, సగానికి పైగా ఉన్నాయి.

"ఆమె మింగలేకపోయిందయ్యా" అన్నాడు. "పారబోయబుద్ధి కాలే. ఇంకెవరికన్న పనికొస్తయని తెచ్చిన."

నేను డబ్బా అందుకున్నాను. అతను పిల్లను దించి నా ముందు నిలబెట్టాడు. పిల్ల పోచవ్వ కోసం పెరటివైపు చూస్తోంది.

"అయ్యా, ఒక మాట అడుగుత. తల్లికి వచ్చింది బిడ్డకు గూడ వస్తదంటరు. గీ పిల్లకు వస్తదా? రాకుంట ఏమన్న మందున్నదా?"

ఇట్లాంటి ప్రశ్నకు నా దగ్గర ఎన్నో జవాబులు ఉండేవి. నాడి పట్టుకుని కళ్లు మూసుకోవచ్చు. పథ్యం చెప్పవచ్చు, ఏదో ఒక చూర్ణం కట్టి ఇవ్వవచ్చు. పెద్దయ్య నేర్పినవన్నీ చేతికి అందేంత దూరంలోనే ఉన్నాయి.

"నాకు తెలియదు ఓదెలూ" అన్నాను.

అతను నా ముఖం వైపు చూశాడు. కోపం లేదు, ఏడుపు లేదు. బొగ్గు అంచుల కళ్లు రెప్ప వేయకుండా కాసేపు అట్లాగే చూశాయి.

"గీ మాట ఆనాడే అంటె మంచిగుండు గదయ్యా" అన్నాడు.

పిల్లను ఎత్తుకుని పెద్దపల్లి బస్సుకు నడిచాడు.